నారింజ గోళీలూ నీళ్ళపీటా

జలుబు ఎవరికి రాదు? మా హనుమకొండలో డిసెంబరు వచ్చిందంటే ఇంటికొకరైనా తుమ్ముతూనే ఉంటారు. కానీ జలుబు చేసి, అది తగ్గాలని గోళీలు మింగి, ఆ గోళీలు తెచ్చిన తంటాతో ఆస్పత్రిలో పడ్డ మనిషిని మా వీధి మొత్తంలో నేనొక్కదాన్నే. మొదట్లో ఎవరైనా అడిగితే సిగ్గుపడి మాట మార్చేదాన్ని. ఇప్పుడు నొప్పి తగ్గింది, కూర్చుని రాసే ఓపిక వచ్చింది. ఇంకెవరూ నాలాగా చేయకూడదని రాస్తున్నానని మా ఆయనతో చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, కడుపులో ఉన్నది బయటపెడితే తప్ప నాకు తెరిపి ఉండదు.

జబ్బు పేరు జలుబే. దానికి తోడైంది మాత్రం కుళ్ళు. అదీ సొంత వియ్యపురాలి మీద.

నవంబరు

మా అమ్మాయి స్రవంతి తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. మాకు ఒక్కతే కూతురు. అల్లుడిది తొర్రూరు, అక్కడే ట్రాక్టర్లు అమ్మే దుకాణంలో ఉద్యోగం. వాళ్ళమ్మ యాకమ్మది వ్యవసాయం, పత్తి, కొంచెం వరి. పెళ్ళిమాటల నాడు చూసినప్పటి నుంచే ఆమె అంటే నాకు లోలోపల గుర్రు. నా ఈడుదే, యాభై దాటిన మనిషే, కానీ కింద కూర్చుంటే చేయి నేలకు ఆనించకుండా లేస్తుంది. నేను ఒక ప్రైవేటు బడిలో ఏళ్ళ తరబడి నిలబడి తెలుగు పాఠాలు చెప్పి మోకాళ్ళు అరగదీసుకున్నదాన్ని. నేను లేవాలంటే ముందు మంచం కోడు దొరకాలి, ఆ తరువాత దేవుడు దొరకాలి.

ఆ నెలంతా నేను ఒక్క పని కోసమే ఎదురుచూశాను. పసిబిడ్డకు నీళ్ళు పోయడం. పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని, నూనె రాసి, గోరువెచ్చటి నీళ్ళు పోస్తూ ఒళ్ళు సాగదీస్తారు. తరువాత తుడిచి, కాస్త సాంబ్రాణి చూపించి, గుడ్డలో చుట్టి పడుకోబెడితే బిడ్డ పూటంతా కదలదు. మా ఇళ్ళలో తల్లి ఆ పని చేయదు, ఆమె బాలింత. అది అమ్మమ్మ పని. నేను పుట్టినప్పుడు మా అమ్మమ్మ పోసింది. స్రవంతి పుట్టినప్పుడు మా అమ్మ పోసింది, నేను మంచం మీద పడుకుని చూశాను. అంటే బిడ్డను కన్నాను, పెంచాను, పెళ్ళి చేశాను గానీ, పసిబిడ్డకు నీళ్ళు పోసే వంతు మాత్రం నాకు ఇంతవరకూ రానే లేదు.

మా అమ్మ కూర్చున్న టేకు పీటనే అటక మీద నుంచి దింపించి, కడిగి ఎండబెట్టాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలగడను కాళ్ళ మీద వేసుకుని సాధన కూడా చేశాను. మా ఆయన ఒకసారి చూసి, తలగడ ఏడుస్తోందా అని అడిగాడు.

డిసెంబరు మొదట్లో

పాప పుట్టింది. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలన్నారు. నేను రోజూ లేవగానే దేవుడి పటం కంటే ముందు ఆ బొడ్డునే చూసేదాన్ని. చివరికి అది ఊడింది. మర్నాడే నీళ్ళు పోద్దామని శనగపిండి జల్లించి, నూనె గిన్నె, సాంబ్రాణి, మెత్తటి పాత చీర ముక్కలు అన్నీ ఒక పళ్ళెంలో సర్దుకున్నాను. ఆ సాయంత్రం తుమ్మాను. వరసగా తుమ్మాను. దీపాలు పెట్టే వేళకు ముక్కు కారింది, గొంతు గరగరలాడింది.

పిల్లల డాక్టరమ్మ ఫోనులోనే చెప్పేసింది. నెల కూడా నిండని బిడ్డ, మీకు పూర్తిగా తగ్గేదాకా దగ్గరికి రాకండి, వేరే గదిలో ఉండండి, మాస్కు తీయకండి అంది. న్యాయమైన మాటే. నాకు మాత్రం వడ్డించిన విస్తరి ముందు నుంచి లేపేసినట్టు అనిపించింది. స్రవంతి నా ముఖం చూసి, గుమ్మం అవతల నుంచే అంది.

"అమ్మా, అత్తమ్మకు ఫోన్ చేసిన. నీకు తగ్గేదాక వచ్చి ఉంటదట."

అవి పత్తి ఏరే రోజులు. తెల్లగా పగిలిన చేనును విడిచిపెట్టి ఎవరూ ఊరు దాటరు. యాకమ్మ మాత్రం మర్నాడు పొద్దున్నే మా ఇంట్లో ఉంది. చేతిలో ఒక సంచి, సంచిలో నాలుగు చీరలు, బాలింతకని వెల్లుల్లి దంచి చేసిన ఒక సీసా ఎల్లిగడ్డ కారం. కాళ్ళూ చేతులూ సబ్బు పెట్టి కడుక్కుని, నేను ఎండబెట్టిన పీట మీద, మా అమ్మ పీట మీద, చక్కగా కూర్చుంది. చేయి నేలకు ఆనించకుండానే.

ఆ వారమంతా

నన్ను ముందుగదిలో పెట్టారు. మధ్యలో ఒక గోడ, ఎప్పుడూ వేసి ఉండే తలుపు. పొద్దున కాగానే అవతల నుంచి నీళ్ళ చప్పుడు వినిపించేది. మొదట పాప గుక్కపట్టి ఏడ్చేది. ఆ వెనకనే యాకమ్మ గొంతు, అయిపాయె బంగారు, అయిపాయె, ఇగ ఇంతే అంటూ. కాసేపటికి ఏడుపు ఆగిపోయేది. ఆ ఆగిపోవడమే నేను భరించలేకపోయాను. ఏడవనీ, ఇంకాసేపు ఏడవనీ, ఈమె చేయి పడటం లేదని అందరికీ తెలిసేదాకా ఏడవనీ అని మంచం మీద కూర్చుని కోరుకునేదాన్ని. మనవరాలు ఏడవాలని ఏ అమ్మమ్మా కోరుకోదు. నేను కోరుకున్నాను.

స్రవంతి రోజుకు రెండుసార్లు గుమ్మం దగ్గర నిలబడి నాతో మాట్లాడేది. ఎంత మంచి పిల్ల అయినా ఎదుటి మనిషి ముఖం మాస్కు వెనక ఉంటే ఏ మాట ఎక్కడ తగులుతుందో తెలియదు కదా. అత్తమ్మ చేతిల పాప మంచిగ పండుకుంటాంది అనేది. అత్తమ్మ కారంతో అన్నం సయిస్తాంది అనేది. పథ్యం కూర నేను నెలరోజుల ముందే నేర్చుకుని పెట్టుకున్నాను. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇరవయ్యొకటో రోజు తొట్టెల, పాపను ఉయ్యాలలో వేసే వేడుక. మా ఇళ్ళలో ఆ రోజు అమ్మమ్మ పాపను తొట్టెల కింది నుంచి అందించాలి, నాయనమ్మ పైనుంచి అందుకోవాలి. నీళ్ళు పోసే వంతు ఎలాగూ పోయింది, తొట్టెలలో వేసే వంతయినా నాకు దక్కాలి. ఆ రోజుకు ఒక్క తుమ్ము కూడా మిగలకూడదని పట్టుపట్టాను.

గోళీలు అక్కడ మొదలయ్యాయి. స్రవంతికి రక్తం తక్కువని ఐరన్ గోళీలతో పాటు నారింజ రంగు చప్పరించే గోళీలు రాశారు, రోజుకు ఒకటి. విటమిన్ సి. కరోనా రోజుల్లో మా ఇంట్లో అందరం చాక్లెట్ల లాగా చప్పరించిన గోళీలే అవి. జలుబుకు పనిచేస్తాయని ఎవరు చెప్పారో గుర్తులేదు, అందరూ చెప్పారు. స్రవంతి డబ్బాలోంచి ఒక పట్టీ తెప్పించుకున్నాను. మా ఆయన మందుల దుకాణానికి వెళ్తుంటే జలుబుకు ఏదైనా బలమైనది తెమ్మన్నాను. నీళ్ళలో వేస్తే బుసబుసా పొంగే గోళీల గొట్టం తెచ్చాడు. కింది వాటాలో ఉండే ఆవిడ పాపను చూడటానికి వచ్చి, నా గొంతు విని, ఉసిరి పొడి డబ్బా ఇచ్చి వెళ్ళింది. ముగ్గురూ మూడు దారుల్లో ఇచ్చారు. ఎవరికి వారు తాము ఇచ్చింది ఒక్కటే అనుకున్నారు. మూడింటి మీదా రాసి ఉన్న మాట ఒకటేనని చదువుకున్న నేను కూడా చదువుకోలేదు.

చదివినా ఆగేదాన్ని కాదేమో. పుల్లటి సరుకే కదా, నిమ్మకాయే కదా, నిమ్మకాయ ఎవరినైనా చంపిందా అని నా ధీమా. పొద్దున ఒకటి, టీ తాగాక ఒకటి, పొంగే గోళీ ఒక గ్లాసు, గోడ అవతల పాప ఏడుపు ఆగినప్పుడల్లా ఇంకొకటి. పాప మంచి పిల్ల, తొందరగా ఏడుపు ఆపేది.

దీనికి తోడు మంచినీళ్ళు మానేశాను. జలుబులో నీళ్ళు తాగితే జలుబు ఇంకా పడుతుందని మా అమ్మ అనేది, మా అమ్మమ్మ అనేది. బాలింతకూ జలుబు మనిషికీ నీళ్ళు పగవాళ్ళని మా ఇంట్లో అందరి నమ్మకం. స్రవంతితో మాత్రం డాక్టరమ్మ గట్టిగా చెప్పి తాగిస్తోంది. నాతో తాగించే డాక్టరమ్మ లేదు. చాలా ఏళ్ళ కింద నాకు ఒకసారి కిడ్నీలో రాయి వచ్చి, అదే పడిపోయింది. జీవితాంతం నీళ్ళు బాగా తాగమ్మా అని అప్పట్లో చెప్పి పంపారు. ఆ మాట మరచిపోయానని అనలేను. అటువైపు చూడలేదు, అంతే.

నాలుగు రోజులకు కడుపులో మంట మొదలైంది. తరువాత మెలిపెట్టడం, బాత్రూముకు పరుగులు. జలుబు కొంచెం తగ్గినట్టే ఉంది, అది దాని మానాన అది తగ్గిందో గోళీలకు తగ్గిందో నాకు తెలియదు, నేను మాత్రం ఘనత గోళీలకే ఇచ్చాను. కడుపు మంటకు కారణం మాత్రం యాకమ్మకు కట్టబెట్టాను. తొర్రూరు కారం నాకు పడటం లేదని మా ఆయనతో గట్టిగా, తలుపు అవతలికి వినపడేలా చెప్పాను. ఆ పూట నుంచి నా పళ్ళెంలోకి కారం రాలేదు. మెత్తగా ఉడికిన అన్నం, పలుచటి పెసరపప్పు వచ్చాయి. ఎవరు వండారో నేను అడగలేదు. అడిగితే బాగుందని చెప్పాల్సి వస్తుంది.

తొట్టెలకు రెండు రోజుల ముందు

మా ఆయన వాళ్ళ చెల్లెలిని పిలవడానికి ధర్మసాగర్ వెళ్ళాడు. పాప నీళ్ళు పోసుకుని పడుకుంది. నేను తొట్టెల నాడు కట్టుకునే చీర తీసి మంచం మీద పరుస్తున్నాను. నడుముకు ఎడమ పక్క ఒక నొప్పి మొదలై పొత్తికడుపులోకి దిగింది. కూర్చోలేను, పడుకోలేను, నిలబడలేను. చీర మీదే వాంతి చేసుకున్నాను. చచ్చిపోతున్నాననే అనుకున్నాను, మనవరాలికి ఒక్కసారి కూడా నీళ్ళు పోయకుండానే పోతున్నానని అంత నొప్పిలోనూ మొత్తుకున్నాను.

స్రవంతి ఏడుస్తూ గుమ్మం దగ్గర నిలబడింది, లోపలికి రాకూడదు. యాకమ్మ మాస్కు పెట్టుకుని వచ్చి నా నోరు తుడిచింది, కింది ఇంటావిడను స్రవంతికి తోడుగా పిలిచింది, ఆటో మాట్లాడింది. ఆటో గుంతల్లో ఎగిరిన ప్రతిసారీ నేను ఆమె భుజం మీద పడ్డాను. ఆమె చీరకు పాప వాసన ఉంది. పాలు, నూనె, సాంబ్రాణి. పాపకు అంత దగ్గరగా వెళ్ళడం నాకు ఆ వారంలో అదే మొదటిసారి. నొప్పితో మూలుగుతూనే ఆ భుజం మీద నుంచి తల తీయలేదు.

ఆస్పత్రిలో జనం కిటకిటలాడుతున్నారు. టోకెన్ ఇచ్చి కూర్చోమన్నారు. గోడకు ఒక టీవీ, చప్పుడు లేకుండా ఎవరో వంట చేస్తున్నారు. కుర్చీలన్నీ నిండిపోయాయి. బురఖా వేసుకున్న ఒకామె నా వంగిపోయిన నడుము చూసి వెంటనే లేచింది.

"కూసో అక్కా. నాది గూడ రాయే. ఆ నొప్పి నాకెర్కే."

ఆమె తన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టింది. జలుబుకు మంచిది కాదని ఇంకా నసుగుతుంటే, తాగు తాగు, ఏం గాదు అంది. డాక్టరు కంటే ముందు నా జబ్బు పేరు చెప్పింది ఆమే. ఆ తరువాత ఆమె టోకెన్ పిలిస్తే వెళ్ళిపోయింది, సీసా నా దగ్గరే ఉండిపోయింది.

నా టోకెన్ ఎంతకీ రాలేదు. నర్సు వచ్చి ఒక సూది వేశాక నొప్పి కాస్త వెనక్కి తగ్గింది. యాకమ్మ నా పక్కన కూర్చుని నా అరచేయి రుద్దుతోంది. పత్తికాయలు గీరిన చేయి, గరుకుగా ఉంది. ఆ గరుకు చేయి పాప ఒంటికి ఎలా మెత్తగా తగులుతుందో నాకు అంతుపట్టలేదు. ఆమె టీవీ వైపే చూస్తూ, తల తిప్పకుండానే మొదలుపెట్టింది.

"వదినె, ఒక మాట చెప్త, తిట్టకు. నీకు సర్దయిందని పిల్ల ఫోన్ చేసిననాడు నాకు సంబురమైంది."

నేను ఆమె వైపు తిరిగాను.

"నిజంగనే అంటాన. ఐదు నెల్లు పిల్ల మీ ఇంట్లనే ఉంటది. నేను తొట్టెల నాడు సుట్టం తీర్గ వచ్చి, చూసి, అన్నం తిని పోవాలె. నువ్వు మంచిగుంటే నన్నెవరు పిలుస్తరు? పత్తి పోతే పోయిందని బస్సెక్కిన. రోజు పొద్దున లేసి ఏమనుకుందునో ఎర్కనా? ఇయ్యాల గూడ వదినెకు తగ్గకపోతే మంచిగుండు అనుకుందు. ఇగ చూడు, ఏమాయెనో."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఒక పక్క ఒళ్ళు మండింది. నా జలుబు తగ్గకూడదని నా ఇంట్లోనే ఒకరు కోరుకున్నారు, వాళ్ళే నాకు పెసరపప్పు వండి పెట్టారు. ఇంకో పక్క, గోడకు అటువైపు ఉన్న మనిషికి కూడా నా మీద ఇంత కుళ్ళు ఉందని వింటే ఎక్కడో చల్లగా అనిపించింది. నేను అసూయపడదగిన మనిషినని నాకు అప్పటిదాకా తెలియదు. అదే ఆమెతో చెబుదామనుకున్నాను, అంతలో నా టోకెన్ పిలిచారు.

స్కానులో రాయి కనపడింది. డాక్టరు ఏమేం మందులు వాడుతున్నారని అడిగాడు. ఏమీ లేవు, ఉత్త విటమిన్ గోళీలు అన్నాను. ఉత్తవో కాదో నేను చూస్తాను, తెప్పించండి అన్నాడు. సాయంత్రం మా ఆయన అన్నీ ఒక సంచిలో తెచ్చి బల్ల మీద పరిచాడు. పట్టీలు, గొట్టం, డబ్బా. ఒక్కొక్కటి తిప్పి చదివి, అన్నింటిలోనూ ఉన్నది ఒకటేనమ్మా అన్నాడు. ఒంటికి కావలసింది కొంచెమే, అది జామపండుతోనో నిమ్మకాయతోనో వచ్చేస్తుంది, ఎక్కువైంది మూత్రంలో పోవాలి, అది పోవడానికి మీరు నీళ్ళే ఇవ్వలేదు. కడుపు మంట, విరేచనాలు కూడా వాటి వల్లే అయ్యుంటాయి. రాయి బహుశా ముందే చిన్నగా ఉండి ఉంటుంది, అంతా గోళీల తప్పే అని నేను అనను, కానీ ఒకసారి రాయి వచ్చిన వాళ్ళు ఇలా మింగకూడదు. జలుబు చేశాక ఎన్ని మింగినా అది పోయే రోజుకే పోతుంది అన్నాడు. ఆ చివరి మాటకు నాకు నొప్పి కంటే ఎక్కువ బాధేసింది. అన్ని గోళీలూ ఊరికే మింగానన్నమాట.

తొట్టెల రోజు

చేతికి సెలైన్ పెట్టుకుని ఆస్పత్రి మంచం మీద ఉన్నాను. పిలుపులన్నీ అయిపోయాయి, రోజు మార్చడానికి లేదు. అమ్మమ్మ వంతు మా ఆడపడుచు చేసింది. అల్లుడు వీడియో కాల్ చేసి ఫోను ఎవరి చేతికో ఇచ్చాడు. ఆ చేయి ఎవరిదో గానీ నాకు మా ఇంటి ఫ్యాను, కిటికీ తెర, బొట్టు పెట్టుకుంటున్న ఆడవాళ్ళ మోచేతులు బాగా కనిపించాయి. ఒక్కసారి మాత్రం ఫోను కిందికి దిగి, తొట్టెల పైన చేతులు చాచి ఉన్న యాకమ్మ కనిపించింది. చాలా బాగుంది. జరీ అంచు చీర కట్టుకుంది. కింది నుంచి అందించే చేతులు నావి కావు.

మా ఆయన నా ముఖం చూసి ఫోను పక్కన పెట్టబోయాడు. పెట్టనివ్వలేదు. కడుపు మండుతున్నా చివరిదాకా చూశాను.

జనవరి

రాయి పడిపోయింది. ఆ వివరం వద్దు, అనుభవించిన వాళ్ళకు తెలుసు, లేని వాళ్ళకు తెలియాల్సిన పని లేదు. జలుబు దాని రోజుకు అది పోయింది. డాక్టరమ్మ ఇక పాప దగ్గరికి వెళ్ళవచ్చు అన్న రోజునే యాకమ్మ సంచి సర్దుకుంది. మిగిలిన పత్తి మంచుకు తడిసి రంగు మారిందని ఫోను వచ్చిందట. వెళ్తూ వెళ్తూ పీట కడిగి గోడకు ఆనించి పెట్టింది. పాప తల నిమిరి, నా వైపు చూడకుండా గబగబా మెట్లు దిగింది.

మర్నాడు నేను పీట మీద కూర్చున్నాను. కూర్చోవడానికే కాసేపు పట్టింది. పాపను కాళ్ళ మీద వేసుకున్నాను. ఇన్నాళ్ళూ నేను తలగడతో సాధన చేశాను, తలగడ జారదు, తన్నదు, మెడ వాల్చదు. నూనె ఎక్కువైంది, నీళ్ళు కంట్లో పడ్డాయి, పాప వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చింది. స్రవంతి పక్కనే నిలబడి ఓర్చుకుని ఓర్చుకుని, అత్తమ్మ అయితే మెడ కింద చెయ్యి ఇట్ల పెడుతుండె అని చూపించింది. నేను చేయి అలాగే పెట్టాను. ఏడుపు ఆగలేదు. గోడ అవతల కూర్చుని నేను కోరుకున్న ఏడుపంతా దాచిపెట్టి నాకే ఇచ్చింది పాప.

కొన్ని రోజులకు నా చేయి దానికి అలవాటైంది. ఒక పొద్దున ఏడుపు మధ్యలో ఆగి, కళ్ళు విప్పి నన్ను చూసింది. ఆ చూపు గురించి రాయడం నాకు చేతకాదు. ఆస్పత్రిలో ఆ బురఖా ఆమె ఇచ్చిన సీసానే నీళ్ళు నింపి పక్కన పెట్టుకుని, పాపకు పోయడం అవగానే నేను తాగుతున్నాను. నారింజ గోళీలు స్రవంతివి స్రవంతికే, రోజుకు ఒకటి. మిగతా డబ్బాలు మా ఆయన ఎక్కడ పారేశాడో నేను అడగలేదు.

ఇది చదివే వాళ్ళలో జలుబుతో ఉన్నవాళ్ళు ఉంటే ఒక్క మాట. ఆ గోళీలు విషమేమీ కాదు, మందులాంటివే, మందులాగే చూడండి. వేసుకునే ముందు ఇంట్లో ఉన్న అన్ని డబ్బాల మీదా ఏం రాసి ఉందో చదవండి. రాళ్ళు వచ్చిన ఒళ్ళయితే డాక్టరును అడగందే ముట్టుకోకండి. నీళ్ళు తాగండి. ఇంకో మాట కూడా ఉంది గానీ, గోడ అవతల ఏం జరుగుతోందో వినకండి అని చెబితే ఎవరు వింటారు?

మే

ఐదో నెలలో ఒడిబియ్యం పోసి స్రవంతినీ పాపనూ తొర్రూరు పంపాము. ఇల్లు బోసిపోయింది. పీటను మళ్ళీ అటక మీద పెట్టమంటే మా ఆయన రేపు రేపు అంటూ అక్కడే ఉంచాడు. స్రవంతి పొద్దున పూట వీడియోలు పంపేది. యాకమ్మ కాళ్ళ మీద పాప నీళ్ళను చేత్తో కొడుతూ కేరింతలు కొడుతోంది. నేను నేర్పిన ఆట అది, నా కాళ్ళ మీద నేర్చుకున్న ఆట. వీడియో చూసి బొటనవేలి గుర్తు పంపి, పొద్దంతా ఎవరితోనూ మాట్లాడకుండా ఉండేదాన్ని.

ఒక రోజు యాకమ్మే ఫోను చేసింది.

"వదినె, నాకు సర్దయింది. పిల్లకు నీళ్ళు పోసేటోళ్ళు లేరు. నువ్వు జర వస్తవా?"

బయట ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. జలుబు గొంతులు ఎలా ఉంటాయో నాకు ఇప్పుడు బాగా తెలుసు. ఆ గొంతులో ముక్కు దిబ్బడ లేదు, గరగర లేదు. పైగా ఫోనుకు ఆనుకుని పాప ఊ కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది, అది ఆమె ఒళ్ళోనే ఉంది. నేనేమీ అడగలేదు. నీళ్ళు మంచిగ తాగు వదినె, గోళీలు మాత్రం ఎక్కువ మింగకు అని చెప్పాను.

"తాగుత గని, నువ్వు పెద్ద సంచి తెచ్చుకో. నా సర్ది తొందరగ తగ్గది."

పీటను పాత దుప్పటిలో చుట్టుకుని మధ్యాహ్నం బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది, పీట ఒళ్ళో పెట్టుకున్నాను. పాప మా ఇంట్లో ఉన్నన్ని నెలల్లో, యాకమ్మను పిలిపించడానికని నాకు ఒక్క అబద్ధపు జలుబయినా చేయలేదు. ఆ ఉపాయం ఆమెకు తట్టింది, నాకెందుకు తట్టలేదని వర్ధన్నపేట దాటేదాకా కుళ్ళుకుంటూనే ఉన్నాను.